మూడు కండ్ల మోరీ

1979 జూలైలో నన్ను కార్వేటినగరం సెక్షనుకు జూనియర్ ఇంజనీరుగా వేశారు. మా నీటిపారుదల శాఖలో సెక్షన్ అంటే అన్నిటికన్నా కింది మెట్టు. దాని పైన సబ్ డివిజన్, అక్కడ డిప్యూటీ ఇంజనీరు. ఆ పైన చిత్తూరులో డివిజన్, అక్కడ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. నా కింద ఒక వర్క్ ఇన్‌స్పెక్టరు, కొందరు లస్కర్లు ఉండేవాళ్ళు. లస్కరు అంటే చెరువు కట్ట మీద తిరుగుతూ, తూము తెరుస్తూ మూస్తూ, నీళ్ళ సంగతి చూసుకునే మనిషి. నా సెక్షన్లోని చెరువులకు పేర్లు పెద్దవి, నీళ్ళు తక్కువ. ఏడాదిలో ఎక్కువ భాగం ఎండిపోయిన చెరువుల కట్టలు కొలవడమే నా ఉద్యోగం. కార్తీక మాసపు వానల్లో మాత్రం ఆ కట్టలు తెగకుండా చూడమని దేవుణ్ణి వేడుకోవడం కూడా అందులో భాగమే.

ఈ సంగతి అర్థం కావాలంటే రెండు మాటలు తెలియాలి. చెరువు నిండాక మిగులు నీళ్ళు కట్టను తెంచకుండా ఒక పక్కనుంచి పొర్లిపోవడానికి కట్టే రాతికట్టును మా వైపు మొరవ అంటారు. తెలంగాణ వాళ్ళు అలుగు అంటారు, కోస్తాలో కళింగ అంటారు. దారి కింద నీళ్ళు పోవడానికి కట్టేది మోరీ, అంటే కల్వర్టు. మొరవ చెరువును కాపాడుతుంది, మోరీ దారిని కాపాడుతుంది. వినడానికి కొంచెం పోలిక ఉన్నట్టుంటుంది. చెంబుకూ చెంపకూ ఎంత పోలికో వీటికీ అంతే. మా జిల్లాలో మాటలు వచ్చిన పిల్లవాడు కూడా ఈ రెంటినీ కలగలపడు.

చింతమాకులపల్లె చెరువుకు ఒక మొరవ ఉండేది. దానిమీద పొర్లిన నీళ్ళు ఒక వంకగా, అంటే వాగుగా, దిగి, మైలు దూరంలో ఒక పాత మోరీ కిందుగా పోయేవి. జమీందారీ రోజుల్లో బండ్ల బాట కోసం కట్టిన మోరీ అది. నీళ్ళు పోయే కమానులను కండ్లు అంటారు కాబట్టి ఊళ్ళో దాన్ని మూడు కండ్ల మోరీ అనేవారు. నేను వెళ్ళేసరికి దానికి ఒక్క కన్నే మిగిలింది. మిగతా రెండూ కూలి, చెక్కుడురాళ్ళు వంకలోనే పడి ఉన్నాయి. వంక పారినప్పుడల్లా పైనుంచి ముళ్ళకంప, మొగలి దుబ్బులు, కూలిన చెట్లు, ఒక్కోసారి చచ్చిన గొడ్లు కొట్టుకొచ్చి ఆ రాళ్ళకు తట్టుకునేవి. నీళ్ళకు దారి లేక పక్కకు తిరిగేవి. ఆ పక్కనే వాడ ఉంది.

అప్పటి కాగితాల్లో హరిజనవాడ అని రాసేవాళ్ళం. మట్టిగోడల ఇళ్ళు, బోదగడ్డి కప్పులు. సగం కుటుంబాలు చర్చికి పోయేవి, సగం గంగమ్మకు మొక్కేవి. అందరూ ఎగువ ఊరి రైతుల పొలాల్లో కూలికి పోయేవాళ్ళే. వాడకు పెద్దమనిషి దేవదానం. చర్చిలో గంట కొట్టడం, ఎవరికైనా అర్జీ కావాలంటే రాసిపెట్టడం ఆయన పనులు. నేను చార్జి తీసుకున్న వారంలోనే వచ్చి, నా బల్ల ముందు కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడి చెప్పాడు.

“సార్, మాకు ఇండ్లు ఇయ్యొద్దు, స్థలాలు ఇయ్యొద్దు. ఆ మోరీ ఒగటి తీసెయ్యండి సాలు. వానొస్తే పిలకాయల్ని ఎత్తుకోని యాడికి పోవల్ల మేము?”

రైతుల మాట వేరు. మోరీ దగ్గర నీళ్ళు నిలబడితే పక్క బావుల్లో ఊట పెరిగేది. అందులో పెద్ద బావి దొరస్వామి నాయుడిది. ఆయన ఊళ్ళో మోతుబరి. నన్ను మర్యాదగా ఇంటికి పిలిచి, మజ్జిగ ఇచ్చి, తన వాదన వినిపించాడు. “మోరీ ఉండబట్టి మా బాయిల్లో రొన్ని నీళ్ళు ఉండాయి సార్. వాన పడిన రెండు దినాలు వాళ్ళు యాడన్నా తల దాసుకుంటే పోయేదానికి ఇంత రచ్చేంది?” అన్నాడు. ఆయన దుర్మార్గంగా ఏమీ అనలేదు. మామూలుగా, లోకమంతా ఒప్పుకునే మాటలాగా అన్నాడు. నేను మజ్జిగ సగంలోనే పెట్టి లేచాను.

ఇక తీయించడం ఎలాగో చూద్దామంటే, ఆ మోరీ ఎవరిదో తేలలేదు. బండ్ల బాటను ఎప్పుడో వదిలేశాం కాబట్టి దాంతో మాకు సంబంధం లేదని పంచాయతీ సమితి వాళ్ళు రాశారు. జమీందారీయే పోయాక మోరీ ఎక్కడిదని రెవెన్యూ వాళ్ళు అడిగారు. మా డిప్యూటీ ఇంజనీరు, వంకలో పారే నీళ్ళు మాత్రమే మనవి, అందులో పడిన రాళ్ళు మనవి కావు అన్నాడు. ఆయన మా జిల్లా మనిషే, పాకాల ఆయన. నీళ్ళు మావీ, రాళ్ళు ఎవరివో తెలియనివీ అయితే, వాటి మధ్యన మునిగే మనుషులు ఎవరి లెక్కలో వస్తారని అడగబోయి మానేశాను. కొత్తవాణ్ణి. చివరకు వంక పోరంబోకు, అంటే సర్కారు నేల, మా శాఖ అజమాయిషీలో ఉంది కాబట్టి అందులో నీటికి అడ్డం పడ్డ ఏ కట్టడాన్నైనా మేమే తొలగించవచ్చని పాత నియమం ఒకటి పట్టుకుని ఎస్టిమేటు కట్టాను.

ఎస్టిమేటు అంటే జనం ఖర్చు లెక్క అనుకుంటారు. దానికి ముందు చాలా పని ఉంటుంది. వంక అడుగు పైనుంచి కిందికి ఎంత వాలుగా దిగుతుందో లెవెల్ పరికరంతో చూడాలి. మోరీ తీసేశాక నీళ్ళ వడి పెరిగి కింద గట్లు కోసుకుపోకుండా ఏం చేయాలో చెప్పాలి. కూలిన రాయి ఎంత, నిలిచిన కట్టడం ఎంత, కంప ఎంత, ఏది ఎక్కడికి చేరవేయాలి, అన్నీ విడివిడిగా చూపాలి. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు దాన్ని పరిశీలించి సాంకేతిక మంజూరు ఇస్తేగాని గడ్డపార ఎత్తకూడదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. మా శాఖలో పూజారులు అంచెలంచెలుగా ఉంటారు. కాగితం సబ్ డివిజన్లో నానింది, తిరిగొచ్చింది, మళ్ళీ పోయింది. అంతలో నవంబరు వచ్చేసింది.

వాయుగుండం పట్టి వాన మొదలైంది. చెరువు నిండి మొరవ పారుతోంది. నాకు చిత్తూరు నుంచి కబురొచ్చింది. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సెలవు మీద పోతున్నారు, మోరీ ఎస్టిమేటు మంజూరు కావాలంటే నకళ్ళు తీసుకుని వెంటనే రమ్మని. వానలో సెక్షన్ వదిలి పోకూడదు. పోకపోతే ఇంకో ఏడాది ఆగాలి. లస్కరు మునెయ్యకు మోరీకి మిగిలిన ఒక్క కంటిలో కంప చేరకుండా చూస్తూ ఉండమని చెప్పి బస్సెక్కాను.

తర్వాత జరిగింది నేను చూడలేదు. మునెయ్య, దేవదానం, దొరస్వామి నాయుడు, మా వర్క్ ఇన్‌స్పెక్టరు వేరువేరుగా చెప్పింది కలిపి రాస్తున్నాను. నలుగురూ ఒకే మాట చెప్పారు. ఎంక్వైరీలలో అది అరుదు.

వరద సహాయం చూడటానికి ఆ ప్రాంతానికి ఒక ప్రత్యేకాధికారిని వేశారు. కోస్తా మనిషి, రెవెన్యూ ఉద్యోగం, చిన్న వయసు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఇంత నష్టం జరిగేదే కాదు, ఎందుకంటే చెడ్డ అధికారి ఆ వానలో వాడ దాకా వచ్చేవాడే కాదు. ఈయన ప్యాంటు మడుచుకుని మోకాలి లోతు నీళ్ళలో ఇంటింటికీ తిరిగాడు. పిల్లల్నీ ముసలివాళ్ళనీ దిబ్బ మీదున్న చర్చిలోకి చేర్పించాడు. ఈ నీళ్ళు ఇటు ఎందుకు తిరుగుతున్నాయని దేవదానాన్ని అడిగాడు.

“మోరీ సార్. ఆ మోరీ కొట్టేసినారంటే నీళ్ళు నేరుగా పోతాయి. అది ఉండబట్టే మా కొంపలు మునగతా ఉండాయి.”

ఇన్నాళ్ళూ ఎందుకు కొట్టలేదని అధికారి అడిగాడు. రైతులు పడనీయరని దేవదానం ఉన్నమాట చెప్పాడు. అధికారి ముఖం ఎర్రబడింది. న్యాయమైన కోపమే అది. మోరీ దగ్గరకు పోయి చూద్దామంటే మధ్యలో నీళ్ళు పారుతున్నాయి, దూరం నుంచి చూస్తే కంప గుట్ట తప్ప ఏమీ కనిపించదు.

అసలు తప్పు ఇక్కడ జరిగింది. ఆయన ఈ జిల్లాకు వచ్చిన కొత్తలో స్థానిక మాటలు శ్రద్ధగా నేర్చుకున్నాడు. వాటిలో మొరవ ఒకటి. చెరువుకూ నీళ్ళకూ సంబంధించిన ఏదో రాతికట్టు అని తెలుసు, ఎప్పుడూ కళ్ళతో చూసింది లేదు. మోరీ అనే మాట ఆయన వినలేదు, వాళ్ళ వైపు దాన్ని తూము అంటారు. వాడ మనిషి నోట మోరీ అని వినబడేసరికి, మొరవ అనలేక అలా అంటున్నాడని అనుకున్నాడు.

“మోరీ కాదయ్యా, మొరవ అనాలి,” అన్నాడట, నవ్వుతూనే.

“కాదు సార్, మోరీ,” అన్నాడు దేవదానం.

“అదేలే,” అన్నాడు అధికారి.

ఈ ‘అదేలే’ అనే మాట నేను నా సర్వీసంతా విన్నాను. చదువుకున్నవాడు చదువుకోనివాడి మాటను సర్దుబాటు చేసేటప్పుడు వాడే మాట అది. ఎదుటివాడు చెప్పింది వినడం అక్కడితో ఆగిపోతుంది.

ఆయన ఊరి చావడికి పోయి, మా వర్క్ ఇన్‌స్పెక్టరు చేతికి చీటీ రాసిచ్చాడు. వాడకు ప్రమాదకరంగా ఉన్న మొరవను వెంటనే కొట్టించాలి, రైతులు అడ్డుపడినా ఆపకూడదు అని అందులో సారాంశం. ఇద్దరు కానిస్టేబుళ్ళను అక్కడే దింపి, జీపులో పక్క ఊరికి పోయాడు. ఆయన కోసం ఇంకా చాలా వాడలు మునుగుతూ ఉన్నాయి.

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమన్నట్టు, పారుతున్న మొరవను కొట్టమంటే ఎవరైనా కొడతారా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. వర్క్ ఇన్‌స్పెక్టరుకు అనుమానం వచ్చింది. అయితే అతను ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, సంతకం ఉన్న కాగితానికి ఎదురు చెప్పలేని దశ. కూలీలను తీసుకుని మొరవ దగ్గరకు పోయి నిలబడి ఆలోచించాడు. కబురు తెలిసి మోరీ దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చిన మునెయ్య చేతులు అడ్డం పెట్టాడు.

“ఆయప్ప సెప్పింది ఇది కాదు సార్. మోరీ అయ్యుంటాది. దీన్ని కొడితే సెరువంతా పొయ్యి వాడ మీద పడతాది. నా మాట ఇనండి, ఏఁ, ఆ జీపు తిరిగొచ్చేదాకా ఆగండి.”

ఇన్‌స్పెక్టరు ఆగేవాడేమో. అంతలో రైతులు ఊరంతా కదిలి వచ్చారు. ముందు దొరస్వామి నాయుడు. “మొరవ మీద గడ్డపార పడిందంటే తలకాయలు తెగతాయిరా!” అని అరిచాడు. చెరువును కాపాడుకునే రైతు ఇంకేమంటాడు? కానీ కానిస్టేబుళ్ళకు అధికారి ముందే చెప్పి పెట్టాడు, రైతులు అడ్డం వస్తారని. అనుకున్నట్టే రైతులు వచ్చారు, అడ్డుపడ్డారు, బెదిరించారు. దాంతో కొట్టాల్సింది ఇదేనని అందరికీ రుజువైపోయింది. లాఠీలు ఊపి రైతులను వెనక్కి తోశారు. మునెయ్యను కూడా రైతుల మనిషి కింద జమకట్టి వాళ్ళతోపాటే తోశారు. మోరీ విషయంలో ఆ రైతులు చేసింది అన్యాయం. ఆ రోజు మొరవ విషయంలో వాళ్ళు చెప్పింది నిజం. ముందు చేసిన అన్యాయం వల్ల ఆ నిజాన్ని ఎవరూ నమ్మలేదు.

మొరవ పాతకాలపు గచ్చు కట్టడం. ఒక్కొక్క రాయినీ ఊడబీకడం కష్టం, అయితే పారే నీళ్ళలో ఒక రాయి కదిలితే చాలు, మిగతా పని నీళ్ళే చేసుకుంటాయి. కూలీలు రెండు రాళ్ళు కదిలించారు. తర్వాత వాళ్ళు గడ్డపారలు వదిలేసి గట్టెక్కి పరుగెత్తాల్సి వచ్చింది.

కింద మోరీ దగ్గర దేవదానం, వాడ మగవాళ్ళు మోకులు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. గడ్డపారల వాళ్ళు వస్తారు, తామూ ఒక చెయ్యి వేద్దామని. వాళ్ళకు ముందు శబ్దం వినిపించింది. తలా ఒక దిక్కుకు పరుగెత్తి దిబ్బ ఎక్కారు. ప్రత్యేకాధికారి ముందే పిల్లల్ని చర్చిలోకి చేర్చి ఉండటం వల్ల మనుషులెవరూ పోలేదు. ఆయన చేసిన మేలు కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఇళ్ళు మాత్రం పోయాయి. నానిన మట్టిగోడలు ఉన్నచోటనే కూర్చుండిపోయాయి. మేకలు, కోళ్ళు, గింజల కుండలు, చాపలు, అన్నీ వంకలో పోయాయి.

మర్నాడు నేను మంజూరైన ఎస్టిమేటు సంచిలో పెట్టుకుని బస్సు దిగాను. మోరీని తొలగించడానికి అనుమతి నా దగ్గర ఉంది. మోరీ కూడా ఉంది, చెక్కు చెదరలేదు. ముందుకన్నా రెండింతలు కంప, వాడ ఇళ్ళ వాసాలు, బోదకప్పులు దానికి తట్టుకుని ఉన్నాయి. నీళ్ళు దాన్ని వదిలేసి వాడ మధ్యగా కొత్త దారి చేసుకున్నాయి.

దేవదానం చర్చి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. ఆయన అరుస్తాడని అనుకున్నాను, అరవలేదు.

“మేము అడిగింది మోరీ సార్. మా నోరు తిరగదా? పుట్టినకాడి నుంచి ఆ వంకలోనే ఉండాం, మోరీకి మొరవకి మాకు తేడా తెలీదా?”

సంచిలో ఎస్టిమేటు ఉందని చెప్పడానికి సిగ్గేసింది.

అక్కడి నుంచి చెరువు కట్ట మీదికి పోయాను. దొరస్వామి నాయుడు కట్ట మీద చతికిలబడి ఖాళీ చెరువును చూస్తున్నాడు. చేపలు బురదలో కొట్టుకుంటున్నాయి. ఆ మనిషి మీద నాకు అభిమానం ఏమీ లేదు. అయినా ఆయన తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తుంటే చూడలేకపోయాను. నాట్లు వేసిన పైరు అంతా ఆ నీళ్ళ మీదే నిలబడి ఉంది.

ఎంక్వైరీ ట్రావెలర్స్ బంగళాలో జరిగింది. విచారణ చేసింది మా శాఖవాళ్ళు కాదు, పైనుంచి వచ్చిన ఒక పెద్ద అధికారి. అసలు ప్రశ్న ఒక్కటే. వాడ మనిషి ఏ మాట అన్నాడు? దేవదానాన్ని వరండాలో నిలబెట్టి, ఆ మాట మళ్ళీ అనమన్నారు. “మోరీ,” అన్నాడు. ఇంకోటి అనమన్నారు. “మొరవ,” అన్నాడు. ఇంకాస్త గట్టిగా అనమన్నారు. బడిలో పలక పట్టుకున్న పిల్లవాడిలా, నెరిసిన తల మనిషి, ఆ రెండు మాటలూ వాళ్ళు చాలనేదాకా పలికాడు. వరండాలో ఉన్న గుమాస్తాలు నవ్వారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

నా వాంగ్మూలంలో రెండు మాటలకూ అర్థాలు రాసి, పటం గీసి, మొరవ ఎక్కడుందో మోరీ ఎక్కడుందో చూపించాను. దాన్ని ఫైల్లో పెట్టారు. తర్వాత మా డిప్యూటీ ఇంజనీరును అడిగారు, మీరు ఈ జిల్లావారే కదా, ఈ మాటల సంగతేమిటని. ఆయన సర్టిఫికెట్టు రాసిచ్చాడు. ఈ ప్రాంతపు వాడుకలో, ముఖ్యంగా చదువులేని వర్గాల్లో, మోరీ, మొరవ అనే మాటలను ఒకదానికి బదులు ఇంకొకటి వాడటం కద్దు అని.

ప్రత్యేకాధికారి మీద నాకు కోపం తక్కువ. ఆయనకు మాట తెలియదు. ఈయనకు తెలుసు. పాకాలలో పుట్టి, ఏ చెరువు మొరవ మీదనో ఈత నేర్చుకుని, ఏ మోరీ కిందనో గోలీలాడి పెరిగిన మనిషి, తన తల్లి మాట్లాడిన భాష మీద అబద్ధపు సాక్ష్యం ఇచ్చాడు. పై అధికారులు కోరింది ఆయనకు తెలిసింది, అంతే. ఆయనతో తర్వాత కూడా పనిచేశాను. నమస్కారం పెట్టాను. ఆ నమస్కారంలో గౌరవం ఉందని ఆయన అనుకుని ఉంటే అది ఆయన పొరపాటు.

తీర్పు ఇలా వచ్చింది. స్థానికుల అస్పష్టమైన ఉచ్చారణ వల్ల పొరపాటు జరిగింది. కట్టడాన్ని సరిగా గుర్తుపట్టి చెప్పాల్సిన బాధ్యత లస్కరుది. మునెయ్య వర్క్ చార్జ్‌డ్ సిబ్బంది, అంటే పని ఉన్నంతకాలమే ఉద్యోగం. అలాంటివాళ్ళను తీసేయడానికి నోటీసు కూడా అక్కర్లేదు. చేతులు అడ్డం పెట్టి ‘ఇది కాదు’ అని చెప్పిన ఒక్క మనిషినే, చెప్పలేదని తీసేశారు. అతని కోసం నేను పెట్టిన సిఫారసులకు జవాబు రాలేదు. మేకలు కాచుకుని బతికాడు. ప్రత్యేకాధికారి మామూలు బదిలీల్లో మంచి చోటికి పోయాడు. వర్క్ ఇన్‌స్పెక్టరుకు మెమో ఇచ్చారు. నన్నేమీ అనలేదు. వరస వచ్చినప్పుడు ప్రమోషన్ కూడా ఇచ్చారు.

ఉచ్చారణ వల్ల పొరపాటని తీర్పు రావడంతో ఊళ్ళో రైతులకు కావాల్సింది దొరికింది. ‘మీ నోట్లోంచి వచ్చిన మాటకే గదా మా సెరువు పోయింది’ అని వాడవాళ్ళను కూలికి పిలవడం మానేశారు. పొరుగూళ్ళనుంచి మనుషులను తెచ్చుకున్నారు. ఇల్లు పోయినవాడు మళ్ళీ కట్టుకోవచ్చు, పని పోయినవాడు ఎక్కడ నిలబడతాడు? సంక్రాంతి దాటేలోపే కుటుంబాలు ఒక్కొక్కటిగా కదిలాయి. కొందరు అరక్కోణం వైపు ఇటుక బట్టీలకు, ఎక్కువమంది తిరుపతికి పోయారు. అక్కడ అప్పుడు లాడ్జీలు, సత్రాలు వరసగా లేస్తున్నాయి. దేవదానం చర్చి తాళం పాస్టరుకు అప్పగించి చివర్లో పోయాడు.

మార్చి వచ్చింది. మార్చి నెలాఖరులోపు పని చేయకపోతే మంజూరు రద్దవుతుంది కాబట్టి వెంటనే మోరీ తీయించమని మా డిప్యూటీ ఇంజనీరు నన్ను తొందరపెట్టాడు. తీయించాను. అలాంటి పని ఎలా చేస్తారో తెలుసుకోవాలని ఉన్నవాళ్ళకు చెబుతాను. ముందు కంపను అడుగు నుంచి కాకుండా పైనుంచి కోసుకుంటూ రావాలి, లేకపోతే గుట్టంతా మనుషుల మీద పడుతుంది. వంకలో పూడిన రాళ్ళకు గొలుసులు కట్టి ఎద్దులతో లాగించాలి. నిలిచి ఉన్న కమాను కింద మొద్దులు పోటు పెట్టి, నడినెత్తి రాయిని చివర్లో కాదు, మొదట్లోనే తీయాలి. తీసిన రాళ్ళను గట్టు మీద పేర్చి కొలత వేయాలి. ఎండిన వంకలో, ఎవరూ లేని వాడ పక్కన, ఎవరి తొందరా లేకుండా ఆ పని చక్కగా చేశాను. నా సర్వీసులో అంత నియమంగా జరిగిన పని ఇంకోటి లేదు. దొరస్వామి నాయుడు ఒకసారి వచ్చి చూసిపోయాడు. బావుల ఊసు ఎత్తలేదు.

కూల్చిన కట్టడంలో పనికొచ్చే రాయి ఉంటే దగ్గర్లోని పనులకే వాడాలని నియమం. దగ్గర్లో ఉన్న పని మొరవను తిరిగి కట్టడమే. మోరీ చెక్కుడురాళ్ళన్నీ బండ్ల మీద పైకి పోయి మొరవలో కలిసిపోయాయి. మోరీ, మొరవ ఒకటేనని డిప్యూటీ ఇంజనీరు ఇచ్చిన సర్టిఫికెట్టును ఆ విధంగా మేము నిజం చేశాం.

ఆ ఏడు నవంబరులో వంక నేరుగా పారింది. వాడ ఉన్న చోట చుక్క నీరు రాలేదు. అక్కడ కలబంద, తంగేడు మొలిచి ఉన్నాయి.

దేవదానాన్ని మరోసారి చూశాను. రెండేళ్ళ తర్వాత తిరుపతిలో, స్టేషను దగ్గర కడుతున్న ఒక లాడ్జీ ముందు సున్నం కలుపుతున్నాడు. ఆయనే గుర్తుపట్టి పలకరించాడు. నేను ఉండబట్టలేక చెప్పాను, మోరీ తీసేశాం, నీళ్ళు నేరుగా పోతున్నాయి, ఇక భయం లేదు, మీవాళ్ళు తిరిగి రావచ్చు అని. ఆయన పార ఆపి నా ముఖంలోకి చూశాడు.

“ఏది తీసినారు సార్? మోరీనా, మొరవనా?”

ఎగతాళి చేశాడేమో అనుకున్నాను. కాదు, నిజంగానే అడిగాడు. “మోరీ,” అన్నాను. “రెండుసార్లు సెప్పండి సార్,” అన్నాడు. రోడ్డు మీద నిలబడి ఇంకోసారి చెప్పాను. తలూపి, పార తీసుకుని పనిలోకి పోయాడు.

ఆ తర్వాత నా సర్వీసులో నేను రెండు పద్ధతులు పెట్టుకున్నాను. ఏ కట్టడాన్ని తొలగించమని రాసినా దాని పేరొక్కటే రాయలేదు. సర్వే నంబరు, ఏ వంక మీద, ఏ పొలానికి ఏ దిక్కున, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది అన్నీ రాశాను. అర్జీదారు ఏ మాట అంటే ఆ మాటనే ఫైల్లో పెట్టాను, సరిదిద్దలేదు. అర్థం కాకపోతే అతన్నే వెంటబెట్టుకుని పోయి, కట్టడం మీద చెయ్యి పెట్టించి, ఇదేనా అని అడిగాను. దీనికి ఒక పూట ఎక్కువ పడుతుంది. మా శాఖ మాన్యువల్లో ఈ నియమం నేను రిటైరైన నాటికి కూడా లేదు.